బుజ్జిబాబుకి మోకాలి సైజు

“నడుముకా, భుజానికా, మోకాలికా?” అని అడిగాడు కొట్టాయన.

అనిత అమలాపురం అంతా తిరిగితే వేడి మ్యాట్లు ఈ ఒక్క కొట్లోనే దొరికాయి. అవి కూడా నొప్పులకి కట్టుకునే కరెంటు మ్యాట్లు. ఆమెకి కావలసింది బల్లికి. అక్క మాధురి గాజు పెట్టెలో పెంచుకుంటున్న మచ్చల బల్లి అది. పేరు బుజ్జిబాబు. చలి మొదలైన దగ్గర్నుంచి మేత ముట్టడం లేదు, కదలడం లేదు.

“నొప్పికి కాదండి. మా బుజ్జిబాబుకండి” అంది నెమ్మదిగా.

బల్లి అనే మాట బయట అనకూడదు. అక్కకి జొన్నాడ సంబంధం కుదిరింది. గురువారం తాంబూలాలు. “ఇంట్లో బల్లిని పెంచుతున్నామని తెలిస్తే వాళ్లు గడప తొక్కుతారా? నోరు జారేవంటే ఊరుకోను” అని నాన్నమ్మ బుచ్చమ్మ ఆటో ఎక్కేటప్పుడు కూడా హెచ్చరించింది.

“ఎంతుంటాడేంటి మీ బుజ్జిబాబు?”

“జానెడుంటాడండి.” తోకతో కలిపి అనబోయి ఆగింది.

“జానెడే!” కొట్టాయన కళ్లజోడు తీసేశాడు. “ఎక్కడుంచేరు?”

“ఇంట్లోనేనండి. గాజు పెట్టెలో పెట్టేం.”

“అదే మంచిది. పాలు తాగుతున్నాడా?”

“ఏమీ ముట్టట్లేదండి. అందుకే వచ్చేను.”

ఆయన గబగబా లోపలికి వెళ్లి అన్నిటికన్నా పెద్ద మ్యాట్ తెచ్చి పరిచాడు. “ఇది నడుముది. పెట్టె అంతా వేసెయ్యండి. ఒళ్లంతా వెచ్చగా ఉంటాడు.”

కొట్లో చిల్లర తక్కువిచ్చినా నోరెత్తని అనిత ఈసారి తల అడ్డంగా ఊపింది. “అంతా వేస్తే చచ్చిపోతాడండి. పెట్టెలో మూడోవంతే వేడుండాలి. మరీ వేడెక్కితే చల్లగా ఉన్న వైపుకి పాక్కుంటూ పోవాలి కదండీ.”

“జానెడోడు పాకుతాడా!”

“బాగా పాకుతాడండి.”

కొట్టాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆమెని పరీక్షగా చూశాడు.

“మ్యాట్ లోపల కాదండి, పెట్టె కింద పెట్టాలి. పెట్టె మూరన్నర పొడుగు. అరమూర మ్యాట్ సరిపోతుంది” అంటూ అనిత తన మోచేయి ఆనించి ఒక్కోటీ కొలిచింది. భుజానిది నాలుగు వేళ్లు ఎక్కువైంది. మోకాలిది సరిగ్గా సరిపోయింది.

“మోకాలిదివ్వండి.”

ఆయన కాగితం చుడుతూ గొంతు తగ్గించాడు. “ఎవరి బాబమ్మా?”

“మా అక్క తెచ్చుకుందండి. హైదరాబాదులో చదువుకునేటప్పుడు.”

“మీ బావగారేం చేస్తారు?”

“అక్కకింకా పెళ్లి కాలేదండి. గురువారం తాంబూలాలు.”

“మీదే ఊరు? ఎవరి తాలూకా?”

“ఓడలరేవండి. వీరవెంకటరమణగారి రెండో అమ్మాయిని.”

కాగితం చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. “జొన్నాడ నాగసతీష్‌కి ఇస్తున్నది మీ అక్కనేనా? వాడు నా మేనల్లుడమ్మా. నేను సత్యదుర్గారావుని.”

ఎక్కడో తేడా కొట్టిందని అనితకి అప్పుడర్థమైంది. ఒక్క మాట అంటే అంతా సర్దుకుంటుంది. ఆ ఒక్క మాటే అనకూడదు. అందులోనూ పెళ్లికొడుకు మేనమామ ముందు అసలే అనకూడదు.

“ఆయ్” అంది. పొట్లం పట్టుకుని వచ్చేసింది.

సాయంత్రానికి మ్యాట్ పని చేసింది. బుజ్జిబాబు వెచ్చని వైపుకి పాకి, పొట్ట నేలకి ఆనించి కాసేపు పడుకుని, మాధురి అందించిన మిడతని మింగింది.

“తిందే! తిందే! ఇంకోటి పెడతానుండు” అంది మాధురి.

కొట్లో జరిగింది చెబుదామని అనిత నోరు తెరిచేలోగా నాన్న ఫోను మోగింది. పెళ్లికొడుకు తల్లి లోవమ్మ. నాన్న ఫోనెప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది.

“చెప్పండి చెల్లెమ్మగారూ.”

“మా తమ్ముడు అంతా చెప్పేడండి అన్నయ్యగారూ. మీ పెద్దమ్మాయికి బాబున్నాడంటగా.”

నాన్నమ్మ చేతిలో చేట జారిపడింది. మాధురి రెండో మిడతని వదిలేసింది. ముగ్గురూ అనిత వైపు తిరిగారు.

“నేను బల్లి అని ఎక్కడా అనలేదు” అంది అనిత.

నాన్నకి విషయం అందడానికి కాస్త సమయం పట్టింది. అందాక ప్రాణం లేచొచ్చింది. పెద్దగా నవ్వేశాడు. “అయ్యో, బాబు కాదండీ, బల్లి! గాజు పెట్టెలో పెంచుకునే బల్లి. పేరు బుజ్జిబాబు. మా చిన్నది మ్యాట్ కొంది దానికేనండి. మా పిల్ల బంగారం.”



“మీ పిల్లతో పాటు అదీ వస్తుందాండీ?” అని అడిగింది లోవమ్మ.

నాన్న మాధురిని చూశాడు. మాధురి గాజు పెట్టె మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది.

“వచ్చేలాగే ఉందండి” అన్నాడు నాన్న.

“బాబని మావాణ్ని బతిమాలి ఒప్పించి, అటక మీంచి ఉయ్యాల కూడా దింపించేను అన్నయ్యగారూ” అంది లోవమ్మ. “బల్లయితే మాత్రం మావల్ల కాదండి.”