కన్నాల గోడ

"ఏమండీ, మళ్ళీ వచ్చాడు! మన వెనక గోడలో పొడుస్తున్నాడు!"

భార్య కేకకి పుస్తకాల బైండరు జిగురు చేతులతోనే వెనక సందులోకి పరుగెత్తాడు.

సందు నాలుగడుగుల వెడల్పు. ఇటు ఇళ్ళు, అటు రెండు నిలువుల రాతిగోడ. గోడ వెనక మట్టికట్ట, కట్ట వెనక నది. కట్ట మట్టి ఇళ్ళ మీదికి జారకుండా ఆపుతున్నది ఆ గోడే.

నది పొంగి నలభై రోజులైంది. ఇలా వచ్చి అలా పోయే వరద కాదు. చలికాలమంతా మకాం వేసింది. గోడ పొడుగునా బారకొక కన్నం ఉంది. ప్రతి కన్నంలోంచీ సన్నగా నీళ్ళు కారుతూ సందును మడుగు చేశాయి.

ఒక ముసలాయన ఇనప కడ్డీతో ఆ కన్నాల్లో పూడిన మట్టిని లాగుతున్నాడు. లాగిన చోటల్లా ధార పెద్దదవుతోంది.

బైండరుకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమ్మ మంచం ఆ సందును ఆనుకున్న గదిలోనే ఉంది. ఆ గది గోడకు చెమ్మ కిటికీ దాకా ఎగబాకింది. గది ఆరితే తప్ప ఆవిడ దగ్గు తగ్గదని డాక్టరు తేల్చేశాడు. ముందు గదిలో కటింగ్ మిషనూ, కాగితాల కట్టలూ. ఇంకో గది లేదు.

"ఏం ముసలాయనా, ఉన్న నీళ్ళు చాల్లేదా? మా కొంప ముంచేదాకా నిద్రపట్టదా?"

"రానివ్వండి బాబూ. నీళ్ళు వస్తుంటే భయం లేదు. ఆగితేనే భయం."

"నువ్వు నీటి ఆఫీసు మనిషివా?"

ముసలాయన కడ్డీ ఆపాడు. "కాదు బాబూ."

"మరెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు."

"అయితే నీకేం పని ఇక్కడ?"

ముసలాయన వంగి పక్క కన్నం వెతుక్కున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

వరద మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఎవరో తెలియదు, రోజూ వస్తాడు. వీధి ఆయనకి కన్నాల తాత అని పేరు పెట్టింది. "పట్టపగలు కన్నాలు వేసే దొంగ మన వీధికే దొరికాడు" అని మందుల షాపాయన ఒకటే నవ్వు.

ముసలాయన వెళ్ళగానే బైండరు కన్నాల్లో పాత గుడ్డలు కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. ధార ఆగింది. పక్కింటివాళ్ళు చూశారు, వాళ్ళూ మెత్తారు. మర్నాటికి గోడ మొత్తం మూసుకుపోయింది. ఆ వీధికి అంత ఐకమత్యం అంతకుముందెప్పుడూ లేదు.

"నీ బుర్రే బుర్రయ్యా!" అన్నాడు మందుల షాపాయన.

ఆ రోజు అమ్మ కంబళి కప్పుకుని నిమ్మళంగా పడుకుంది. "ఇన్నాళ్ళకి నా కాళ్ళు వెచ్చబడ్డాయిరా" అంది. బైండరు మనసు నిండిపోయింది.

ముసలాయన వచ్చి, మూసిన కన్నాలు చూసి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత గబగబా సిమెంటు పెళ్ళలు రాలగొట్టడం మొదలుపెట్టాడు.

బైండరు కడ్డీ లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను బాబూ. సగమైనా తెరవండి. వెనక చేరిన నీళ్ళు ఎటు పోతాయి? గోడ మాత్రం ఎంతని మోస్తుంది?"

"ఇన్నేళ్ళు మోసింది. ఇప్పుడు నీ సలహా కావాల్సొచ్చిందా?"

ఒక్క తోపు తోశాడు. ముసలాయన మడుగులో వెల్లకిలా పడ్డాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఒక్కరూ చెయ్యి అందించలేదు.

ఆయనే మెల్లగా లేచాడు. "పోనీ, మీ అమ్మగారినైనా ముందు గదిలోకి మార్చండి బాబూ" అన్నాడు.

"మా అమ్మ సంగతి నీకెందుకు? దారి చూసుకో!"

మూడో రోజు మధ్యాహ్నం బైండరు మిషన్ మీద కాగితాలు కోస్తున్నాడు. ఇల్లు ఒక్కసారి అదిరింది. వెనక్కి పరుగెత్తి చూస్తే అమ్మ గది లేదు. గది ఉన్నచోట రాళ్ళూ, బురదా.

వీధంతా వచ్చి తవ్వింది. అందరికంటే ముందు వంగి, వట్టి చేతులతో బురద తోడుతున్నది ఆ ముసలాయనే. ఒక్క మాటా అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండుననిపించింది బైండరుకి.

సాయంత్రానికి అమ్మ దొరికింది. ప్రాణం దొరకలేదు.

అప్పుడు వచ్చింది నీటి ఆఫీసు ఇంజనీరమ్మ. పడిన రాళ్ళను తిరగేసి చూసింది.

"కన్నాల్లో ఈ సిమెంటు ఎవరు పెట్టారు?"

జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

ఆవిడ చూపు ముసలాయన మీద పడింది. మొహం మారిపోయింది. "బాబాయ్ గారూ! మీరింకా వస్తున్నారా?"

"ఎవరో ఒకరు చూసుకోవాలి కదమ్మా గోడని" అన్నాడాయన, గోళ్ళలోని బురద తీసుకుంటూ.

"ఈయన మీకు తెలుసా?" బైండరు అడిగాడు.

"తెలియకపోవడమేంటండీ! ముప్ఫై ఏళ్ళు ఈ గోడకి కాపలాదారు. మీరు లేచేసరికే కన్నాలన్నీ శుభ్రం చేసి వెళ్ళిపోయేవారు. అందుకే మీరెవరూ ఆయన మొహం చూసుండరు. ఆరేళ్ళ కిందట ఆ ఉద్యోగమే తీసేశారు. మీ వీధివాళ్ళే కదా అర్జీ పెట్టారు?"

'ఇన్నేళ్ళలో ఒక్క రాయి కూడా కదలని గోడకు కాపలాదారు దండగ' అంటూ అరవై సంతకాలతో వెళ్ళిన ఆ అర్జీని, గుండ్రటి అక్షరాలతో కూర్చుని రాసింది బైండరే.