నాలుగో ఓడ

"రేపు పొద్దున ఓడ పెట్టుకుని ఇవాళొచ్చి మార్చమంటే ఎలా అక్కా?" అంది కౌంటర్ అమ్మాయి.

"ముందురోజు దాకా మార్చుకోవచ్చని మీరే చెప్పారు కదమ్మా. ఇవాళ ముందురోజేగా."

ఆవిడ ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. షిఫ్టు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. ఆవిరి కొట్టీ కొట్టీ మోచేతుల దాకా చర్మం కమిలిపోయింది. బరువంతా ఒక కాలి మీద వేసి, అది లాగితే రెండో కాలి మీదికి మార్చుకుంటూ నుంచుంది. ఓడ ప్రయాణాలు అమ్మే ఆఫీసు అది. గోడల నిండా నీలి సముద్రం, ఒళ్లు విరుచుకుని పడుకున్న జనం. కుర్చీలు మాత్రం కౌంటర్ లోపలివాళ్లకే.

అమ్మాయి కంప్యూటర్లో చూసింది. "రెండుసార్లు మార్చేశాం. మూడోసారి కుదరదు. రేపు ఎక్కకపోతే డిపాజిట్ పోయినట్టే."

"పోతే ఎలాగమ్మా? ఏడాదంతా కడుపు కట్టుకుని కట్టింది."

"అయితే ఎక్కెయ్యండి. మిగతాది ఓడ దగ్గరే కట్టొచ్చు."

"ఎక్కలేను."

"ఏం, అంత పనేముంది?"

ఆవిడ మళ్లీ కాలు మార్చుకుంది. వెనక నుంచున్న పెద్దాయనకి ఓపిక చచ్చింది. "తల్లీ, ఎక్కితే ఎక్కు, లేకపోతే పక్కకి జరుగు. మా ముసలిదాన్ని ఓడెక్కించేలోగా నేనే పైకెక్కిపోయేట్టున్నా."

"నుంచోండి బాబాయ్. నేనేమన్నా కూచున్నానా?"

కౌంటర్ అమ్మాయి నుదురు రుద్దుకుంది. పక్క కౌంటర్ మనిషి మానేసి నెలైంది. కొత్తవాళ్లని పెట్టలేదు. రెండు వరసలూ తన నెత్తినే. మంచినీళ్లకి లేచినా జనం మొహాలు మాడ్చుకుంటారు. "రూలు అక్కా, నా చేతిలో ఏం లేదు" అంది.

రూలంటే ఏమిటి? గాజు గదిలో కూచున్నవాడు, బయట నుంచున్నవాళ్ల కోసం రాసేది. రాసినవాడికి వరసలో నుంచునే పని పడదు.

ఆవిడ కదల్లేదు. కదలమని గట్టిగా చెప్పే ఓపిక అమ్మాయికీ లేదు. మళ్లీ కంప్యూటర్లో తల దూర్చింది. రెండో మార్పు దగ్గర వేలు ఆగింది. "ఉండండక్కా" అని లేచి మేనేజర్ కూచునే గాజు గదిలోకి వెళ్లింది.

"సార్, ఈవిడ రెండో ఓడని రద్దు చేసింది మనమే. ఇంజను పాడై."

మేనేజర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "అయితే?"

"మనం రద్దు చేస్తే డిపాజిట్ వెనక్కివ్వాలి కదా. అప్పుడు ఆవిడకి ఆ సంగతి మనం చెప్పనేలేదు."

"పదిమందిలో అనకు ఆ మాట. మొత్తం ఇచ్చేసి పంపెయ్."

అమ్మాయి బయటికి వచ్చింది. చాన్నాళ్ల తర్వాత ఆ కౌంటర్లో ఎవరికన్నా మంచి కబురు చెప్పబోతోంది. ముందుకు వంగి, రెండో ఓడని రద్దు చేసింది తామేనని మెల్లిగా చెప్పింది. "అక్కా, మీ పంట పండింది. పైసాతో సహా వెనక్కిచ్చేస్తాం."

ఆవిడ మొహం పాలిపోయింది. "వద్దమ్మా."

వరస వరసంతా తలతిప్పి చూసింది. "వద్దా?" అన్నాడు పెద్దాయన. "ఈ ఆఫీసువాళ్ల నోట వెనక్కిస్తామన్న మాట ఇన్నేళ్లలో ఇదే వినడం. నీకొద్దంటే నాకిప్పించు తల్లీ."

గలాటా విని మేనేజర్ వచ్చాడు. "ఏమ్మా, డబ్బిస్తానంటే గొడవేంటి?"

"గొడవ కాదు బాబూ. ఆ రెండో ఓడ మీరే రద్దు చేశారని ఈ అమ్మాయి చెప్పింది. అంటే ఆ మార్పు నాది కాదు, మీది. నేను మార్చింది ఒక్కసారే. ఇంకోసారి నాకు బాకీ ఉంది. డబ్బు వద్దు, ఓడ మార్చండి."

మేనేజర్ పెద్దాయన వైపు చూశాడు, వరస వైపు చూశాడు. "మార్చి పంపెయ్" అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత బయల్దేరే ఓడకి డిపాజిట్ మారింది. ప్రింటరు కొత్త తేదీతో కాగితం కక్కింది. ఆవిడ దాన్ని నలగకుండా సంచిలో పెట్టుకుంది.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి" అంది అమ్మాయి గొంతు తగ్గించి. "ఆ ఓడ రద్దయిన రోజు ఈ హాలు రణరంగమైంది. ఒకాయన నా మీదికి పూలకుండీ ఎత్తాడు. మీరేమో వారం పోయాక వచ్చి, చల్లగా మార్చమన్నారు. ఆవేళ ఏమైపోయారు?"

"పడుకున్నా."

"పడుకోవడమేంటి?"

"ఓపిక లేదంటే మా సూపర్‌వైజర్ సెలవివ్వడమ్మా. నడుం పడిపోయిందన్నా ఇవ్వడు. డబ్బు కట్టేశాను, వెళ్లకపోతే మునిగిపోతుందంటే మాత్రం ఇస్తాడు. వాడికి మనిషి నొప్పి తెలీదు గానీ డబ్బు నొప్పి తెలుసు. ఓడ కాగితం చూపిస్తే వారం సెలవు. మా ఆయన వండుతాడు, పిల్లల్ని చూసుకుంటాడు. నేను తలుపేసుకుని పడుకుంటా. రేపటినుంచి ఆ వారం సెలవుంది. అదయ్యాక చూపించడానికి మళ్లీ ఇంకో తేదీ ఉండాలిగా."

"వెళ్లొచ్చాక సముద్రం ఎలా ఉందని అడగరా?"

"అడుగుతారు. బోలెడు నీళ్లంటాను."

అమ్మాయి నవ్వలేదు. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయాక, వరసని ఒక్క నిమిషం ఆగమని, అదే ఓడకి తన పేరు మీద డిపాజిట్ కట్టేసింది.