పద్నాలుగు చిల్లులు

"ఎన్ని చిల్లులివి?" హ్యాండిల్ బారును దీపం కింద తిప్పుతూ అడిగాడు హాల్వర్.

"పద్నాలుగు," అన్నాడు డ్వేన్. "డెబ్భై గ్రాముల బరువు తగ్గింది."

"ఒక డోనట్ మానేసినా తగ్గేది."

డులూత్ ఊరి కొండదారుల్లో నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న హాల్వర్‌కు మనుషుల మీద గౌరవం ఎప్పుడో పోయింది. ఇలాంటివాళ్లే పోగొట్టారు. రెండు చిల్లుల మధ్య గోటితో గీశాడు. గోరు ఆగింది.

"బీట. వెంట్రుకంత."

"గీత అయ్యుంటుంది. పదకొండేళ్లుగా ఏమీ కాలేదు."

"ఇనుమైతే వంగి చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. ప్రతి గుంతనూ లోపల లెక్కపెట్టుకుని ఒకరోజు పుటుక్కుమంటుంది. ఆ రోజు పళ్లతో పోతే అదృష్టం."

"ఆదివారం క్లబ్బువాళ్లతో కొండ దిగాలి. బిగించి ఇవ్వండి చాలు."

"బిగించను."

"పోనీండి. రెంచీ ఇంట్లో ఉంది."

హాల్వర్ మొహం ఎర్రబడింది. "పాడైన సామాను ఒక్క ముక్కగా ఈ కొట్టు గడప దాటదు. చెత్తలో వేసినా ఏరుకుపోయే మొనగాళ్లున్నారు, నీలాంటివాళ్లు. రెండు ముక్కలు చేశాకే బయటికి పోతుంది."

"ఇది మా సొత్తు. మీరు ఆ పని చెయ్యలేరు, పెద్దాయనా."

"చెయ్యలేనా?"

బారును బల్లకున్న ఇనప పట్టుడులో బిగించి రంపం అందుకున్నాడు.

"వద్దు," అన్నాడు డ్వేన్. చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు. "వద్దంటున్నాను," అన్నాడు మళ్లీ, వీధిలోకి వినపడేలా.

రెండు ముక్కలూ బల్ల మీద పడ్డాయి.

"మళ్లీ అతికించడానికి కుదురుతుందా?"

"నీ బుర్రను అతికించడం తేలిక."

డ్వేన్ తిట్టలేదు. చిల్లుల్లేని కొత్త బారు ఒకటి కొన్నాడు. ముక్కలు కాగితంలో చుట్టుకుని బయటికి నడిచాడు. దెబ్బలాటకు సిద్ధపడ్డ హాల్వర్, వీడికి పౌరుషం కూడా లేదనుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఎదురుగా ఆగి ఉన్న కారులో డెబ్భై దాటిన ఒక ముసలాయన, తలకు సైకిలు హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. డ్వేన్ ఆ ముక్కలు ఆయన ఒళ్లో పెట్టాడు.

"నీ హ్యాండిల్ కొయ్యొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు నాన్నా."