నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

కరెంటు పోయింది. షెడ్డులో ఉన్న వెలుగల్లా మెకానిక్కు వాళ్ళ నాన్న పాత బండి హెడ్‌లైటుదే. బ్యాటరీ లేని బండి, ఇంజను తిరిగినంతసేపే దీపం.

"ఇక లోపలికి రండి," అంది భార్య గుమ్మంలోంచి. "మావయ్యగారు బతికుంటే ఆ బండిని ముట్టుకోనిచ్చేవారా?"

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు," అని నవ్వాడతను. ఆమె తలుపేసుకుని వెళ్ళిపోయింది.

బండికి ఫిల్టరు పీకేసిందీ, సైలెన్సరు మార్చిందీ అతనే. అప్పట్నుంచీ గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, ఇంజను ఆయాసపడుతోంది. పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వేసినా ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగానే వస్తోంది. ఇలాంటప్పుడు నాన్నది ఒకటే పరీక్ష. గాలి పీల్చే కార్బురేటరు నోటికి అరచెయ్యి కాస్త అడ్డం పెట్టేవాడు. గాలి తగ్గి ఇంజను తేరుకుంటే, పెట్రోలు ఇంకా చాలట్లేదన్నమాట.

"చెయ్యి పెట్టి చూడాలి," అని పైకే అనుకున్నాడు.

ఇంజను తేరుకుంది. ఆయాసం పోయి, మెత్తగా, నిలకడగా తిరుగుతోంది.

అతను తన చేతులు చూసుకున్నాడు. ఒకటి యాక్సిలరేటరు మీదే ఉంది. రెండోదాంట్లో స్పానరు ఉంది.

అంతలో ఆ చప్పుడు కుంగడం మొదలైంది, కార్బురేటరు నోరు ఎవరో మరికాస్త, మరికాస్త మూస్తున్నట్టు. దాంతోపాటే దీపం ఎర్రబడి, సన్నగిల్లి, ఆరిపోయింది.

చీకట్లో వేడి ఇంజను టిక్కు టిక్కుమంటోంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపని బిగబడతాడు? వదిలి, మళ్ళీ తీసుకోబోయాడు.

పెట్రోలు వాసనేసే చల్లటి అరచెయ్యి అతని నోటి మీదికి వచ్చింది. ముందు కాస్తే అడ్డం పెట్టింది.