చెంగయ్య లేనిదే ఆట లేదు

నెల్లూరు స్టేషన్లో చెంగయ్య మెడలో దండ వేయడానికి పద్మనాభయ్యగారు బెంచీ ఎక్కారు. చెంగయ్య కాస్త వంగితే సరిపోయేది. కానీ అతని ఎత్తంతా ఫొటోలో పడాలని ఆయన పట్టుదల.

పద్మనాభయ్యగారికి బియ్యం మిల్లు ఉంది. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. కావలి మిల్లువాళ్లకు ఒక జట్టు ఉందని మాత్రం తెలుసు. అది చాలదా? వడ్లు ఆరబోసే చోట రెండు స్తంభాలు పాతించి, పైన బుట్టలకు జాలరులతో వలలు అల్లించారు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి, ఎగిరితే బుట్ట అందే చెంగయ్యను పిలిపించి, నెల జీతం మీద ఫార్వర్డుగా పెట్టుకున్నారు.

పేరుకే ఫార్వర్డు. ఈ కొసనా అతనే, ఆ కొసనా అతనే. ఎదుటి జట్టు పాయింటు కొట్టినా చెంగయ్య పరుగెత్తాల్సిందే, జనం చప్పట్లు అతనికే. అతనికి జ్వరం వస్తే మ్యాచ్ వాయిదా. కావలివాళ్లు కూడా తమ ఆటలకు అతన్ని అరువడిగేవారు. పగవాడి చేత కూడా మెప్పు పొందడమంటే మాటలా?

1961 నాటికి ఆ పేరు మద్రాసు దాకా పాకింది. అక్కడి ఒక పెద్ద కంపెనీ మేనేజరు ట్రంకాల్ చేశాడు.

"మనిషి బాగా ఆడతాడా అండీ?"

"వాడు లేకపోతే ఇక్కడ ఆట ముందుకు పోదండీ. ప్రతి పాయింటుకీ వాడి చెయ్యి పడాల్సిందే."

"ఎత్తెంత?"

పద్మనాభయ్యగారు చెప్పారు. మేనేజరు ఇంకేమీ అడగలేదు. పర్మనెంటు ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు ఇస్తామన్నాడు.

చెంగయ్య భార్య అంకాలమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తాటాకు గుడిసె కారినప్పుడల్లా ఏడ్చిన మనిషి ఆమె. "ఇంక వాన కురిస్తే కురవనీ" అంది. సముద్రంతో ఇంకేం పని అని, ఉన్న ఒక్క పడవనూ మరిదికి ఇప్పించేసింది. క్వార్టరు చేతికి రాగానే వచ్చి తీసుకుపోతానని చెప్పి చెంగయ్య రైలెక్కాడు.

అతను లేని లోటు తీరేది కాదని మిల్లులో ఆటే మానేశారు.

వారం తిరక్కుండానే చెంగయ్య మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నెత్తిన ట్రంకు పెట్టె అలాగే ఉంది.

"ఏమైందిరా? ఓడిపోయినారా?" అన్నారు పద్మనాభయ్యగారు.

"గెలిచినామయ్యా."

"మరి నిన్నెందుకు పంపించేసినారు?"

చెంగయ్యకు ఏడుపొచ్చింది. అంకాలమ్మకు మొహం చూపించలేక ముందు ఇక్కడికి వచ్చాడు.

"మనోళ్లు మూసి అల్లినట్టు ఆడ బుట్ట కింద వలకి అడుగు మూయలేదయ్యా, బంతి దానంతట అదే కిందకి పడిపోతా ఉంటే, ఎగిరి తీసిచ్చేదానికి మనిషెందుకన్నారు."