బటన్ వెనక మాట

ముందు కర్ర విరిగింది, తర్వాత వేలు.

కర్ర విరిచింది చెప్పులోడు. నడిస్తే చెప్పులు టపటపలాడతాయి కాబట్టి ప్రోగ్రామరు వాడికి మనసులో ఆ పేరు పెట్టుకుంది. నాలుగు ముక్కల మడత కర్ర అది. విదిలిస్తే టక్, టక్, టక్ మని మూడు కీళ్లూ బిగుసుకుని నిటారుగా నిలబడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆమె ప్రతి ఉదయం ఆ మూడు చప్పుళ్లతోనే గడప దాటుతోంది. నిన్న ఆఫీసు గేటు దగ్గర ఆమెను వ్యాన్‌లోకి లాగి, ఆ కర్రను మోకాలికేసి విరిచి, ఆ ముక్కతోనే నడుం మీద నాలుగు వడ్డించి, ముక్కల్ని ఈ గదిలో ఆమె కాళ్ల దగ్గర పారేశారు.

వేలు విరిచింది దగ్గోడు. "చెయ్యను" అన్నందుకు ఎడమచేతి చిటికెన వేలు.

"ఇంకా తొమ్మిదున్నాయి మేడమ్. టైపింగుకి ఎన్ని కావాలో మీరే చెప్పండి," అన్నాడు దగ్గు మధ్యలో.

వాళ్లకు కావలసింది ఒక బ్యాంకు వెబ్‌పేజీ. అసలు పేజీ రాసింది ఆమే. దాన్ని అచ్చుగుద్దినట్టుండే దొంగ పేజీ సాయంత్రానికల్లా సిద్ధం కావాలి. జనం నమ్మి అందులో పాస్‌వర్డ్‌లు కొడితే చాలు, మిగతా సంగతి వాళ్లు చూసుకుంటారు.

పుట్టుకతో చూపులేని మనిషి తెరనెలా గీస్తుందని చెప్పులోడికి అనుమానం. ఆమె గీయదు, రాస్తుంది. ఆ బ్యాంకు నీలం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు గానీ, ఆ రంగుకు కంప్యూటర్‌లో వాడే ఆరక్షరాల కోడ్ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏ బటన్ అంచు నుంచి ఎంత దూరం, దాని మూలలెంత గుండ్రం, అన్నీ అంకెలుగా తలలో ఉన్నాయి. కొట్టిన ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ గొంతు పైకి చదువుతుంది, మామూలు మాటకు నాలుగింతల వేగంతో.

ఇయర్‌ఫోన్లు లాక్కున్నారు. అదేం వాగుతోందో తమకూ వినపడాలని స్పీకర్లు పెట్టారు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టున్న ఆ గోలకి పది నిమిషాల్లో దగ్గోడి తల పట్టేసింది.

"కాస్త మెల్లిగా పెట్టి చావు!"

"ఉండనీరా," అన్నాడు అన్న మూలలోంచి. "ఎవరి అలవాటు వాళ్లది."

అన్న అంటే ఈ ఇద్దరి నాయకుడు. మాట తక్కువ. పొద్దున చెప్పులోడు వచ్చి లైటు స్విచ్ వేసేసరికే అతను ఆ మూల కుర్చీలో ఉన్నాడు. అక్కడి నుంచి కదలడు. కీబోర్డు చప్పుడు కాస్త తెరిపిచ్చిందంటే చాలు, "ఆగింది" అంటాడు. ఆ వెంటనే చెప్పులోడి చెయ్యి ఆమె చెంప పగలగొడుతుంది. మధ్యాహ్నం అన్న భోజనానికి లేచినప్పుడు మాత్రం దగ్గోడు ఆ కుర్చీని ఒక అడుగు పక్కకు జరిపాడు. అంతే, తిరిగొచ్చిన అన్న వాడి తలను గోడకేసి కొట్టాడు. పన్నొకటి ఊడి నేల మీద దొర్లడం ఆమెకు వినిపించింది.

కుర్చీ జరిపినందుకే మనిషి నెత్తురు కళ్లజూసేవాడు తనను ప్రాణాలతో వదలడని ఆమెకు అర్థమైపోయింది. భయం ఎంత వేసిందో, ఒళ్లు అంత మండిపోయింది.

అందుకే బటన్ వెనక మాట దాచింది.

వెబ్‌పేజీలో ప్రతి బటన్‌కూ రెండు ముఖాలు. ఒకటి కంటికి: రంగు, ఆకారం, పైన రాత. రెండోది చెవికి: కంటికి కనపడని లేబుల్. చూపులేనివాళ్ల కంప్యూటర్లు చదివేది దాన్నే. తెర మీద 'లాగిన్' అని కనిపించే బటన్ వెనక ఆమె ఇలా రాసింది: "ఇది దొంగ పేజీ. రాసిన నన్ను బంధించారు. దగ్గర్లో రైలు గేటు గంట, గోడ వెనక పిండిమర. పోలీసులకు చెప్పండి."

ఆ బ్యాంకులో తనలాంటి ఖాతాదారులు వేలల్లో ఉన్నారు. ఒక్కరు వింటే చాలు, ఆమె మళ్లీ ఇల్లు చేరుతుంది.

నాలుగింటికి పేజీ సిద్ధమైంది.

"ఎలా ఉందిరా?" అడిగాడు అన్న.

"అసలుదాని పక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదన్నా!" అన్నాడు చెప్పులోడు.

"ఒక్క నిమిషం. చివరిసారి సరిచూసుకుంటాను," అంది ఆమె.

సరిచూడని పని చెయ్యి దాటించడం ఆమెకు చేతకాదు. మెడ మీద కత్తి ఉన్నా ఆ బుద్ధి పోలేదు. ట్యాబ్ మీట నొక్కి లాగిన్ బటన్ మీదికి వెళ్లింది. దొంగ పేజీని, బంధించిన సంగతిని, రైలు గేటును, పిండిమరను కంప్యూటర్ ఒక్క గుక్కలో కక్కేసింది.

చెప్పులోడు గట్టిగా ఆవలించాడు. "ఆపించన్నా ఆ దరిద్రాన్ని," అని మూలిగాడు దగ్గోడు. వాచిన చెంపలతోనే ఆమెకు నవ్వొచ్చినంత పనైంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో కళ్లున్నవాళ్లలో ఆ వేగాన్ని అందుకున్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

"మీరిద్దరూ బయటికెళ్లండి," అన్నాడు అన్న.

చెప్పులు టపటపలాడుతూ దూరమయ్యాయి. తలుపు పడింది. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

"అది పిండిమర కాదు తల్లీ," అన్నాడు అన్న తాపీగా. "రంపపు మిల్లు. వచ్చిన కొత్తలో నేనూ పిండిమరే అనుకున్నాను."

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. విరిగిన వేలు నొప్పి కూడా తెలియలేదు.

మూలలో కుర్చీ కిర్రుమంది. ఆమె కర్ర ముక్కలై కాళ్ల దగ్గర పడి ఉండగానే, అతని చేతిలో టక్, టక్, టక్ మని ఇంకో మడత కర్ర విచ్చుకుంది.