ఒకే డబ్బాలో

“నాన్న బూడిద ఇవ్వు పిన్నీ. ఆయన దాచుకున్న అమ్మదీ ఇవ్వు,” అంది కూతురు, భుజాన సంచి దించకుండానే. బళ్లో ఆమె కెమిస్ట్రీ టీచరు.

తండ్రి రెండో భార్య వంటగట్టు మీది రేకు డబ్బాను ముందుకు నెట్టింది. “ఇద్దరూ ఇందులోనే ఉన్నారు.”

“కలిపేశావా? ఆయన కోరికా అదే.”

“పొయ్యిలో బూడిద కూడా పోసి, గరిటెతో బాగా కలియబెట్టాను. మిశ్రమాన్ని విడదీయొచ్చని పిల్లలకు చెబుతావుగా. విడదీసుకో.”

కూతురు మూత తీసి చూసింది.

“ఉప్పూ ఇసుకా అయితే నీళ్లు పోసి విడదీయొచ్చు. ఇది కుదరదు. ఎందుకిలా చేశావు?”

“ఇన్నేళ్లు చాకిరీ చేశాను. చివరికి మీ అమ్మతోనే కలపమన్నారు. నా ఊసే లేదు.”

తండ్రి చివరి మాట ఒకటి కూతురి దగ్గర ఉంది. దాన్ని ఓదార్పుగా చెప్పాలనే వచ్చింది. ఇప్పుడు చెప్పకపోయినా సరిపోయేది. కానీ డబ్బాను వెనక్కి నెట్టి, నెమ్మదిగా చెప్పింది.

“నీ కాలం తీరాక నిన్నూ వాళ్లతోనే కలపమన్నాడు పిన్నీ. బతికున్న మనిషికి చెప్పలేక నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇక ఇది నాకెందుకు? నువ్వే ఉంచుకో.”

గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి చూసింది. పిన్ని పిండి జల్లెడ తెచ్చుకుని డబ్బా ముందు కూర్చుంటోంది.